సన్మానానికి చెట్టు దిగిన కొండముచ్చు

రండి, రండి. వెనకాల గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు జరగండి. నా గొంతు పెద్దదే కానీ ఈ కథ దగ్గరగా కూర్చుని వినేది. అమ్మా, ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకో. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వినవలసిన చోటు ఒకటి వస్తుంది, ముందే చెబుతున్నాను. సగం సింహమై, సగం మనిషై వెలసిన నరసింహస్వామికి ఒక్క నమస్కారం పెట్టుకోండి. మనిషికి ఆపద వచ్చిన వేళ జంతువు గొంతుతో అరిచిన దేవుడాయన. ఇవాళ మనం చెప్పుకునేది అలాంటి ఒక అరుపు సంగతే.

కొండల నడుమ ఎర్రకోన అని ఒక లోయ. లోయలో వాగు. వాగు గట్టున ఇప్పచెట్లు, వాటిని ఆనుకునే నిలువెత్తు గడ్డి. ఆ కోనలో దుప్పులకీ కొండముచ్చులకీ తాతల నాటి పొత్తు ఉండేది. కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని చిగుళ్ళు తింటూ సగానికి సగం కింద పారేస్తాయి కదా, ఆ పారేసింది దుప్పులు తినేవి. కొండముచ్చు కన్ను దూరంగా ఉన్నదాన్ని చూస్తుంది, దుప్పి ముక్కు దాక్కున్నదాన్ని పసిగడుతుంది. ముందు ఎవరికి తెలిస్తే వాళ్ళు అరవాలి. అదీ పొత్తు.

అరుపులన్నీ ఒకటి కావు మరి. చిరుత వస్తే ఒక అరుపు, రేచుకుక్కలు వస్తే ఒకటి, చెట్టు మొదట్లో కొండచిలువ కనిపిస్తే ఇంకొకటి. పుట్టిన పిల్ల పాలు తాగుతూ తాగుతూనే అవి నేర్చుకునేది. చిరుత అరుపు వినబడిందంటే తల తిరక్కూడదు, కాళ్ళు కదలాలి. ఏమిటీ, ఎందుకూ అని అడగడం తరవాత. ఆ కోనలో బడి లేదు, పంతులు లేడు. అమ్మ పొట్ట కిందే ఆ చదువంతా.

చిరుతకు ఇది ప్రాణసంకటమైంది. ఎండలు ముదిరి వాగు సన్నబడ్డ రోజుల్లో ఒక సాయంత్రం అది కొండచరియ కింద పడుకుని తన డొక్కలు తానే నాక్కుంటూ ఉంది. అది తిని వదిలేసిన దాని మీద బతికే గుంటనక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం మామా, ఈ పూట కూడా ఉత్త చేతులేనా?"

"ఏం చెయ్యనురా! గడ్డిలో పొట్ట ఆనించేలోపే ఆ ముసలి కొండముచ్చు అరుస్తాడు. వాడు అరిచాడంటే కోన ఖాళీ."

"పీక కొరికెయ్యలేకపోయావా?"

"చెట్టు చిటారున కూర్చునేవాడి పీక నాకెలా అందుతుందిరా, నక్క వెధవా!"

నక్క మీసాలు దువ్వుకుంది. "పీక కొరకడం మోటు పని మామా. సన్మానం చేద్దాం."

"సన్మానమా?"

"అడవి అంచున ఊరుంది చూడు, అక్కడ చూశాను. మొక్కలకొక రోజు, పిల్లలకొక రోజు, అమ్మమ్మల నాటి మాటకొక రోజు. ఆ రోజు తోరణాలు, పాటలు, చప్పట్లు! ఒక మొక్క నాటి పదిమందీ దాని పక్కన నిలబడి నవ్వుతారు. మర్నాడు మేక వచ్చి తినేస్తుంది. ఎవడూ అదిలించడు. ఎందుకంటావా, రోజు అయిపోయింది కదా!"

"నాకేమీ అర్థం కాలేదురా."

"నీకు అర్థం కానక్కర్లేదు. వానలు మొదలయ్యేదాకా కొండకు ఆవల కుందేళ్ళతో సర్దుకో. ఇటు తోక కూడా కనిపించనివ్వకు. నేను కబురు చేసినప్పుడు రా. ఎముకలకు అంటుకున్నది కాస్త నాకు మిగిల్చితే చాలు."

మర్నాడు నక్క ఎలుగుబంటి దగ్గరికి పోయింది. ఆ కోనలో పెద్దరికం ఎలుగుది. మంచివాడే పాపం, కానీ ఎత్తు మీద కూర్చోబెట్టి 'పెద్దయ్యా' అంటే చాలు, ఎదుటివాడు ఏం మాట్లాడాడో వినేవాడు కాదు. అలాంటివాళ్ళు మీ ఊళ్ళో లేరని నేను అనుకుంటున్నాను, ఉంటే నవ్వకండి, వాళ్ళు పక్కనే ఉండొచ్చు.

వాగు గట్టున సభ పెట్టారు. ఎలుగు పెద్దయ్య బండ మీద, మిగతావాళ్ళు కింద. నక్క లేచింది.

"పెద్దలారా, అక్కలారా. మన కోనకు ఒక పండగ లేదు. చెట్ల కోసం, పిల్లల కోసం, మన పాత పలుకుల కోసం ఒక రోజు చేసుకోవద్దా? మనుషులపాటి మనం లేమా?"

"చేసుకుందాం, చేసుకుందాం," అంది అడవిపంది. తిండి ఉంటుందని దాని ఆశ.

"అయితే ముందు పిల్లల సంగతి. చుక్కమ్మ వదినా, ఒకసారి లేస్తావా?"

చుక్కమ్మ అంటే ఒక ఆడదుప్పి. తొలిచూలు. దాని కాళ్ళ మధ్య ఇంకా సరిగ్గా నిలబడడం రాని పిల్ల ఒకటి, పేరు మిణుకు. చుక్కమ్మకు లోకమంతా ఆ పిల్ల చెవుల మధ్యే ఉండేది.

"నీ బిడ్డ రాత్రి సరిగ్గా నిద్రపోతోందా వదినా?"

"ఎక్కడ అన్నయ్యా! తాత అరిచినప్పుడల్లా పడుతూ లేస్తూ పరుగే. రాత్రి వాగు రాళ్ళ మీద పడి మోకాలు కొట్టుకుపోయింది."

"విన్నారా!" నక్క సభ వైపు తిరిగింది. "బెదురు లేకుండా నిద్రపోవడం బిడ్డల హక్కా, కాదా? పసివాళ్ళ చెవుల్లో ఈ ఖొక్ ఖొక్ పోస్తున్నాం. గాలి పాడవుతోంది. గూళ్ళలో గుడ్లు అదిరిపోతున్నాయి. మనమే మన పిల్లలకు పులులమైపోయాం కదా!"

తల్లులందరూ తమ తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు పైకొమ్మ మీద నుంచి కొండముచ్చు తాత దగ్గాడు. నల్లటి మొహం, తెల్లటి బొచ్చు, తోక కొస ఎప్పుడో తెగిపోయింది.

"అరుపు మానితే ఆపద మానుతుందా నాయనా?"

"మానమని ఎవరన్నారు తాతా? గౌరవించమంటున్నాను. రోజూ వాడితే ఎంత మంచి వస్తువైనా అరిగిపోతుంది. పండగ రోజున, పదిమంది ఎదుట, నీకు పూలదండ వేసి కూర్చోబెట్టి వింటాం. మిగతా రోజుల్లో నీ గొంతుకు విశ్రాంతి. ఇన్నేళ్ళుగా కోనను కాస్తున్నావు. ఎవరైనా ఒక్కనాడు వచ్చి 'బాగున్నావా తాతా' అన్నారా?"

నిజంగానే ఎవరూ అనలేదు. తాత గొంతు ఎండిపోయి ఉంది, చలికాలం నుంచి దగ్గు. పూలదండ అన్నమాట ఆయన మనసులో ఎక్కడో మెత్తటి చోట పడింది. అందుకని ఆయన్ను తప్పు పట్టకండి. దండం పెట్టించుకోవాలని దేవుడికే ఉన్నప్పుడు ముసలికొండముచ్చుకు ఉండదా?

"పెద్దయ్య ఏమంటారు?" అంది నక్క.

"బాగుంది, బాగుంది," అన్నాడు ఎలుగు పెద్దయ్య. ఆయన తేనెపట్టు వైపు చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి కోనలో అరుపు ఆగిపోయింది. ఒకటో రెండో పిల్ల కొండముచ్చులు అలవాటుకొద్దీ నోరు తెరిస్తే తల్లులే మూతి మీద కొట్టారు. విచిత్రం ఏమిటంటే, అరుపు ఆగింది, చిరుత రావడమూ ఆగింది. నక్క ప్రతి పొద దగ్గరికీ పోయి అదే చెప్పింది.

"చూశావా వదినా! ఆ అరుపులు విని, ఇక్కడ మంద ఉందని తెలుసుకుని ఆ చిరుతగాడు వచ్చేవాడు. ఇప్పుడు దారి తెలీక ఎటో పోయాడు."

చుక్కమ్మ నమ్మింది. బిడ్డ కంటినిండా నిద్రపోతుంటే ఏ తల్లి నమ్మదు చెప్పండి! మిణుకు కాళ్ళు గట్టిపడ్డాయి. వీపు మీద చుక్కలు మెరిశాయి. సీతాకోకచిలకల వెంట పరుగెత్తడం, వాగులో తన నీడను చూసి తానే తుమ్మడం. పసిగుడ్డుగా ఉన్నప్పుడు విన్న అరుపు దానికి గుర్తే లేదు. ఒకనాడు అడిగింది కూడా.

"అమ్మా, ఖొక్ అంటే ఏంటి? పెద్దక్కవాళ్ళు చెప్పుకుంటున్నారు."

చుక్కమ్మ చెప్పబోయింది. చెబితే భయపడుతుందేమో, రాత్రికి కలత నిద్ర పడుతుందేమో అనుకుంది.

"పండగ రోజున తాత చేసి చూపిస్తాడులే తల్లీ," అంది.

వినండి, ఈ కథలో చిరుత పంజా ఆ మాట దగ్గరే పడింది. తరవాత జరిగిందంతా దాని వెనకాల వచ్చిందే.

తొలకరి పడింది. పండగ వచ్చింది. పొద్దున వాగు గట్టున ఒక వేపమొక్క నాటారు, అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. మధ్యాహ్నానికి అడవిపంది దాని వేళ్ళ కింద ఏముందో చూద్దామని తవ్వేసింది. ఎవరూ చూడలేదు, చూసినవాళ్ళు ఊరుకున్నారు. సాయంత్రం పెద్ద సభ. నక్క ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తానే చెప్పింది.

"ఇది పిల్లల పండగ. పిల్లలు ముందు వరసలో ఉండాలి. అదుగో, గడ్డి అంచున మెత్తగా ఉంటుంది, అక్కడ కూర్చోండి నాన్నా. తల్లులు వెనక్కి. ఎప్పుడూ మీరేనా ముందు?"

"గడ్డి దగ్గరా?" అంది చుక్కమ్మ.

"మీ పిల్ల పద్యం చెబుతుంది కదా వదినా, వెనక కూర్చుంటే ఎవరికి కనిపిస్తుంది?"

మిణుకు మెడలో పూలతీగ వేశారు. అది బండ ముందుకు వచ్చి, నేర్పిన ముక్క గడగడా చెప్పింది. "మన అరుపే మన ఆస్తి. తాతలు ఇచ్చిన ఆ వెలుగును కాపాడుకుందాం." కోనంతా కాళ్ళు నేలకేసి కొట్టి మెచ్చుకుంది. ఆ అరుపు ఎలా ఉంటుందో మాత్రం చెప్పిన పిల్లకూ తెలియదు, పక్కన కూర్చున్న ఏ పిల్లకూ తెలియదు.

"ఇప్పుడు మన తాతగారు!" నక్క పైకి చూసింది. "కిందికి దిగండి తాతా. సన్మానం కొమ్మ మీద ఎలా చేస్తాం? ఇదుగో, ఈ పుట్ట మీద కూర్చోండి."

ఇన్నేళ్ళలో సందెవేళ ఆ కొమ్మ ఖాళీగా ఉండడం అదే మొదటిసారి. తాత దిగి వచ్చాడు. మోదుగాకుల్లో చుట్టిన పూలదండ వేశారు. ఆయన కళ్ళు తడిశాయి. పుట్ట మీద కూర్చుని అలవాటుగా చుట్టూ చూశాడు. పైనుంచి చూసే చూపుకు కింది నుంచి ఏం కనిపిస్తుంది? గడ్డి కొసలు మాత్రమే. ఆ కొసల్లో ఒక గీత కదిలింది. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది, గీత మాత్రం అటు నుంచి ఇటు వస్తోంది.

"ఖొక్! ఖొక్ ఖొక్!"

చప్పట్లు. కోన మార్మోగిపోయింది.

తాత లేచి నిలబడ్డాడు. దండ తెగి పూలు రాలాయి. "ఖొక్ ఖొక్ ఖొక్! ఖొక్!"

"ఆహా! ఎంత జీవం ఉందయ్యా ఆ గొంతులో!" అన్నాడు ఎలుగు పెద్దయ్య.

"ఒన్స్ మోర్ తాతా!" అంది నక్క.

"పరుగెత్తండిరా! నిజంగానే! గడ్డిలో!" తాత గుండెలు బాదుకున్నాడు.

"చూడండి, ఎలా నటిస్తున్నాడో!" అని నవ్వు.

చుక్కమ్మ సంగతి చెప్పాలి. ఆ అరుపు చెవిన పడగానే దాని కాళ్ళకు తెలిసింది. చర్మం వణికింది, తోక లేచింది. లేవబోయింది. లేచి అటూ ఇటూ చూసింది. అందరూ కూర్చునే ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు. తానొక్కతే పిచ్చిదానిలా ముందుకు పరుగెత్తితే, పండగ పాడుచేస్తే, రేపు నలుగురూ ఏమంటారు? ఆ ఒక్క ఆలోచన పట్టేంతసేపు ఆగింది.

ముందు వరసలో మిణుకు తాత వైపు తిరిగి, ముందుకాళ్ళు నేలకేసి కొడుతూ, సంతోషంతో గెంతుతోంది. దాని వీపు గడ్డి వైపు ఉంది.

చప్పుడేమీ కాలేదు. పూలతీగ ఒకటి నేల మీద మిగిలింది.

ఒళ్ళో ఉన్న పిల్లల్ని గట్టిగా పట్టుకోండి. పరవాలేదు, పట్టుకోండి.

ఆ రాత్రి వాన పడింది. చుక్కమ్మ వానలో గడ్డి అంచునే నిలబడింది. నక్క మాత్రం కొండచరియకు పరుగెత్తింది.

"ఏదీ మామా నా వాటా?"

"వాటానా? పసిగుడ్డు రా అది. రెండు బుక్కలు కూడా కాలేదు. నాకే పళ్ళ సందున ఇరుక్కుంది."

నక్క మొహం వాడిపోయింది. ఇంత కష్టపడి సభ నడిపితే ఎముక కూడా దక్కలేదు.

"రేపు సాయంత్రం మళ్ళీ రా మామా. అదే చోటికి. సంతాపసభ పెడతాను. ఈసారి పిల్లలు ఎక్కువ ఉంటారు."

మర్నాడు సాయంత్రం అందరూ వచ్చారు. రాకపోతే బాగుండదని కొందరు, ఏడవడానికి కొందరు. పిల్లలు మళ్ళీ ముందు వరసలోనే. మిణుకు తోటి పిల్లలు కదా, వాళ్ళే ముందుండాలని నక్క చెప్పింది. తాత వంచిన తల ఎత్తలేదు, ఆయన్ను మళ్ళీ పుట్ట మీదే కూర్చోబెట్టారు. నక్క మధ్యలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"అక్కలారా, మన మిణుకు పద్యం ఇంకా నా చెవుల్లో ఉంది. ఏటేటా ఈ రోజును మిణుకు పేర జరుపుకుందాం. ఆ బిడ్డకు గౌరవంగా ఇప్పుడు మనమందరం తల వంచి, కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా కాసేపు ఉందాం. ఒక్కరూ శబ్దం చెయ్యకూడదు."

అందరూ తలలు వంచారు. నక్క కూడా వంచింది, అందరికంటే కిందికి.

అంత నిశ్శబ్దంలో చుక్కమ్మ ముక్కుకు గాలి తగిలింది. వానకు తడిసిన గడ్డి వాసన. దాని కింద, తన బిడ్డ మెడలోంచి జారిన పూలతీగ దగ్గర నిన్న వచ్చిన చిరుత వాసన.

ఆ వాసన మిగతా దుప్పుల ముక్కులకూ తగిలే ఉంటుంది. ఒక్కొక్కటీ ఓరకంట పక్కదాన్ని చూసింది. పక్కది కళ్ళు మూసుకుని ఉంది. సంతాపసభలో ఎలా అరుస్తాం? చచ్చిపోయిన బిడ్డకు అవమానం కదా?

చచ్చిపోయిన బిడ్డ తల్లి మాత్రం ఈసారి ఎవరి వంకా చూడలేదు. మెడ ఎత్తి, నోరు తెరిచి, నెలల తరబడి వాడని ఆ అరుపు అరిచింది. గొంతు చీరుకుపోయింది. సన్నటి, పదునైన కేక. మళ్ళీ అరిచింది.

"వదినా! ఏమిటిది, బిడ్డ ఆత్మకు..." అని నక్క మొదలుపెట్టింది.

చుక్కమ్మ ఆగలేదు. పిల్లలు లేవలేదు మరి, వాళ్ళకు తెలియదు కదా! బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. ముందు వరసలోకి దూకి, తలతో కుమ్మింది, పళ్ళతో చెవులు పట్టి లాగింది. "ఇదిరా అరుపు! ఇది వింటే పరుగెత్తాలి! లేవండి! ఎవరి వైపూ చూడకండి, లేవండి!" పుట్ట మీద తాత తల ఎత్తాడు. "ఖొక్! ఖొక్ ఖొక్!" అన్నాడు. ఈసారి చప్పట్లు లేవు. డెక్కల చప్పుడు. ఎలుగు పెద్దయ్య సైతం బండ మీద నుంచి దొర్లుకుంటూ పోయాడు.

చిరుత గెంతి వచ్చి పడేసరికి గట్టంతా ఖాళీ. తొక్కుడు పడ్డ బురద, మధ్యలో ఒక్క నక్క. అది పరుగెత్తలేదు. తనకేం భయం, తనవాడే కదా వచ్చింది!

"అయ్యో మామా, కాస్తలో తప్పిపోయింది. రేపు ఇంకో ఉపాయం..."

చిరుత దాని వంకే చూస్తోంది.

"మామా! నేను! నేనే మామా!"

"నువ్వేలేరా. చూస్తూనే ఉన్నాను," అంది చిరుత.

నక్క అరిచింది. అది ఏ అరుపో ఎవరికీ తెలియదు, ఎవరూ ఆగి వినలేదు.

మిణుకు తిరిగి రాలేదు. దేవుడు అన్నీ చూస్తాడు కానీ, అన్నీ తిరిగి ఇవ్వడు. ఆ మర్నాడు పండగ కాదు, ఏ రోజూ కాదు. ఉత్త మబ్బు పట్టిన రోజు. ఆ సాయంత్రం చుక్కమ్మ వాగు గట్టుకు వచ్చి, ఎవరెవరి పిల్లలనో చుట్టూ చేర్చుకుని, చిరుతకు ఎలా అరవాలో, రేచుకుక్కలకు ఎలా అరవాలో అరిచి చూపించింది. పిల్లలు బెదిరారు, ఒకటి ఏడ్చింది. తల్లులు వెనక నిలబడి చూశారు కానీ ఎవరూ వద్దనలేదు. తన పాలు ఇంకా ఇంకని పొదుగుతో, తన పిల్ల లేని చోట నిలబడి, మళ్ళీ అరిచి చూపించింది.

ఏడాదికొక రోజు దండ వేసి, మిగతా రోజుల్లో నోరు కట్టేసిన మాట మన పిల్లల్ని కాపాడదు. ఇదే ఈ కథలో నీతి.

ఇక లేవండి, స్వామికి దండం పెట్టుకోండి. నక్కను మరిచిపోయినా పరవాలేదు, చిరుతను మరిచిపోయినా పరవాలేదు. అందరూ తలలు వంచుకుని ఉన్నప్పుడు ఆ తల్లి ఎవరి వంకా చూడకుండా నోరు తెరిచింది, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఇంటికి పోయాక నిద్రపోని పిల్ల ఎవరైనా ఉంటే ఈ రాత్రే దాని చెవిలో చెప్పండి. రేపు మీ వంతు వస్తే మీరూ అదే చెయ్యండి.